అద్దె పోర్షన్లకి కరెంటు ఆదా రూల్స్ ఉన్నాయా? పై పోర్షన్ వేడి తగ్గాలంటే ముందు ఏం చెయ్యాలి?

భీమవరం ఓనరు:
అందరికీ నమస్కారం అండి. భీమవరంలో మేడిల్లు, మూడు పోర్షన్లు అద్దెకిచ్చాం. సర్వీసు మీటరు ఒక్కటే, లోపల సబ్‌మీటర్లు. పోర్షన్‌కి నెలకి 110 యూనిట్ల దాకా కాలుతోంది. బిల్లు మరీ ఎక్కువని అందరూ, రాత్రి పదైనా స్లాబు సెగ కొడుతోందని పైవాళ్లు అంటున్నారు. ఇంగ్లండులో మా తమ్ముడు ఇల్లు అద్దెకివ్వాలంటే ఎనర్జీ సర్టిఫికెట్ అడిగారట. మనకీ అలాంటిది వచ్చిందా? రాకపోయినా సరే, ముందు దేనికి ఖర్చు పెట్టమంటారు?

కోడ్‌బుక్:
మీ ఇంటికి అలాంటి రూలు ఏదీ వర్తించదండి. ఇంగ్లండు, వేల్స్‌లో 2018 ఏప్రిల్ నుంచి కొత్త అద్దెలకి, 2020 ఏప్రిల్ నుంచి పాత అద్దెలకి కూడా ఇంటి ఎనర్జీ సర్టిఫికెట్‌లో కనీసం 'ఇ' రేటింగు ఉండాలి ('ఎ' అన్నిటికన్నా మంచిది, 'జి' అధ్వానం). మినహాయింపు నమోదు చేసుకోకుండా 'ఎఫ్', 'జి' ఇళ్లు అద్దెకివ్వకూడదు. మన దగ్గరున్నది ఎకో నివాస్ సంహిత అని ఇళ్లలో కరెంటు ఆదా కోసం పెట్టిన కోడు, 2018లో వచ్చింది. వచ్చినప్పుడు అది కొత్తగా కట్టే ఇళ్లకి, అదీ 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలంలో కట్టేవాటికి ఉద్దేశించింది. అద్దెతో దానికి సంబంధం లేదు. ఇళ్లకి స్టార్ లేబుల్ కూడా ఉంది గాని అది స్వచ్ఛందం. ఎవరైనా "సర్టిఫికెట్ చేయిస్తాం, ఇంత కట్టండి" అంటూ వస్తే కట్టకండి.

సర్వీసు వైరు:
ముందు మీటర్లు విడగొట్టండి. మీవాళ్ల బిల్లు పేలడానికి కారణం వాడకం కాదు, మీటరులో యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే స్లాబు రేట్లు. 2022-23 టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లు ఒక్కోటి రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75. విడివిడిగా 110 యూనిట్లయితే ఒక్కొక్కరికి రూ.349.50, ముగ్గురికీ కలిపి రూ.1,048.50. అదే 330 యూనిట్లు ఒక్క మీటరులో తిరిగితే రూ.1,935.75. ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు, డ్యూటీ ఇవి కాక. అంటే ఎవరూ ఒక్క యూనిట్ అదనంగా కాల్చకుండానే నెలకి రూ.887 పోతోంది.

ఇంకోటి చూసుకోండి. రైసు కార్డుకి, పింఛనుకి నెల సగటు 300 యూనిట్లు దాటకూడదన్న లెక్క పెట్టారు. ముగ్గురి వాడకం ఒక్క సర్వీసు మీద కనబడితే, ఆ సర్వీసు ఎవరి ఆధార్‌కి తగిలించి ఉంటే వాళ్లకి చిక్కు.

విడి సర్వీసు ఇవ్వాలంటే పోర్షన్లు విడిగా ఉండాలి, వైరింగు కూడా ఎక్కడా కలవకూడదు. పాత ఇళ్లలో గొడవంతా న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) దగ్గరే వస్తుంది. మూడు పోర్షన్లకి ఒకటే న్యూట్రల్ లాగేసి ఉంటారు. అలాగే మీటర్లు పెడితే రీడింగు తేడా వస్తుంది, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే బ్రేకర్) పెట్టినచోట ఊరికే ట్రిప్ అవుతుంది. దరఖాస్తుకి ముందే వైర్‌మేన్‌ని పిలిచి ఒక్కో పోర్షన్ మెయిన్ ఆపి, పక్క పోర్షన్లో ఏమైనా ఆగుతోందేమో చూడమనండి. మోటారు, మెట్ల లైట్లు ఎవరి మీటరు మీద పడతాయో ముందే తేల్చి అగ్రిమెంటులో రాయండి.

స్లాబు పని:
సెగ సంగతి. కాంక్రీటు స్లాబు పగలంతా ఎండ తాగి, పొద్దుపోయాక కిందికి వదులుతుంది. అందుకే ఫ్యాన్ వేస్తే వేడిగాలే వస్తుంది. ఎండ స్లాబులోకి దిగకుండా పైనే ఆపాలి. తెల్లటి కూల్‌రూఫ్ కోటింగు వేయించండి. గోడలకి వేసే తెల్లరంగు వద్దు, నీళ్లు నిలిచినచోట పొరలు లేచిపోతుంది. డేటా షీటులో ఎస్‌ఆర్‌ఐ (ఎండని ఎంత తిప్పికొడుతుందో చెప్పే అంకె) 100 పైన ఉన్నది అడగండి. వెయ్యి చదరపు అడుగులకి, రెండు పూతలకి, 20 లీటర్ల డబ్బాలు రెండు పట్టుకోండి. గరుకు స్లాబు ఇంకా తాగుతుంది.

రంగు కన్నా ముందు చేసే పనే ముఖ్యం. పాచి వైరు బ్రష్‌తో గీకి కడగాలి. బకెట్‌తో నీళ్లు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో గుర్తుపెట్టి, అక్కడ వాటం సరిచేయాలి. పగుళ్లు వెడల్పు చేసి పాలిమర్ మోర్టార్ నింపాలి. స్లాబు పూర్తిగా ఆరాలి, లోపల చెమ్మ ఉంటే నెల తిరక్కుండా బుడగలు లేస్తాయి. ప్రైమర్ తర్వాత మొదటి కోటు నిలువుగా, రెండోది అడ్డంగా. మిట్టమధ్యాహ్నం వేయకూడదు, కాలే స్లాబు మీద రంగు పట్టుకోకముందే ఎండిపోతుంది. ఫిబ్రవరిలో చేయించండి. పిట్టగోడ లోపలి వైపు కూడా వేయించండి.

మన వైపు తెలుపు తెల్లగా ఉండదు. వానాకాలం పాచి, దగ్గర్లో రైసుమిల్లు ఉంటే ఊక బూడిద. నల్లబడితే పని సగం పోయినట్టే, కాబట్టి ఏటా ఎండలు ముదరకముందే కడగాలి.

భీమవరం ఓనరు:
చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. సున్నం కొట్టిస్తే సరిపోదా? కొబ్బరాకు పందిరి?

స్లాబు పని:
సున్నం ఆ వేసవికి బాగానే పనిచేస్తుంది, చవక కూడా. వానలకి కొట్టుకుపోతుంది, మళ్లీ ఏడాదికి మళ్లీ వేయాలి. పందిరి నీడ మంచిదే గాని ఎండాకులు నిప్పంటుకుంటే ఆగవు, తుపాను గాలికి లేచిపోతాయి. అద్దెకిచ్చిన ఇంటి మీద నేనైతే వద్దంటాను.

సర్వీసు వైరు:
డబ్బు మిగిలితే ఫ్యాన్లు మార్చండి. పాతది 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ 30. రోజుకి 15 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌కి నెలకి 20 యూనిట్లు తగ్గుతాయి. పాత రెగ్యులేటర్ తీసేసి స్విచ్ నుంచి నేరుగా వైరు ఇవ్వాలి. దాన్ని అలాగే ఉంచితే ఫ్యాన్ లోపలి బోర్డు పోతుంది, వారంటీ కూడా ఇవ్వరు. రిమోట్లు, బిల్లులు ఇల్లు ఇచ్చేటప్పుడు రాసుకుని ఇవ్వండి.