ఆపరేషన్ తర్వాత అమ్మ తీరు హఠాత్తుగా మారింది: ఇది మతిమరుపు జబ్బేనా?

ప్రశ్న:
మా అమ్మకు 76 ఏళ్లు. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగడంతో ఆపరేషన్ చేయించాము. పడిన రోజు వరకు ఇంటి పద్దులన్నీ తానే రాసుకున్న మనిషి, ఆపరేషన్ జరిగిన రెండో రాత్రి నుంచి చీమలు పాకుతున్నాయంటూ దుప్పటి దులుపుతోంది, ఎప్పుడో పోయిన మా మేనమామ పక్క మంచం మీద కూర్చున్నాడని ఆయనతో మాట్లాడుతోంది. తెల్లవారాక పిలిచినా సరిగా పలకనంత మత్తుగా పడి ఉంటోంది. ఈ వయసులో ఇది మామూలేనని వార్డులో అన్నారు. బంధువులేమో గాలి సోకిందంటున్నారు. ఇది మతిమరుపు జబ్బుకు ఆరంభమా? రాత్రికి నిద్రమాత్ర ఇవ్వమని అడగవచ్చా?

సమాధానం (వృద్ధులకు వైద్యం చేసే డాక్టర్):
మీరు రాసిన లక్షణాలను బట్టి డెలీరియంను, అంటే హఠాత్తుగా వచ్చే మతి తికమకను, గట్టిగా అనుమానించాలి. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల తరబడి ముదురుతుంది. డెలీరియం గంటల్లో, రోజుల్లో ముంచుకొచ్చి, ఒకే రోజులో పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ముఖ్యంగా ధ్యాస నిలవదు. వారాల పేర్లను శనివారం నుంచి వెనక్కి చెప్పమనండి. గురువారం దగ్గరే తడబడి మరో మాటలోకి వెళ్లిపోతే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.

రాత్రి కలవరింతల కన్నా ఆ పగటి మత్తే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. గొడవ చేసే రోగిని అందరూ పట్టించుకుంటారు గానీ, కదలక మెదలక పడి ఉన్నవారు విశ్రాంతి తీసుకుంటున్నారని అనుకుంటారు. డెలీరియం గుర్తింపునకు రాకుండా పోయేది ఎక్కువగా ఇలాంటివారిలోనే.

వయసు వల్ల అనేస్తే కారణాన్ని వెతకడం ఆగిపోతుంది, కాబట్టి ఈ రోజే డ్యూటీ డాక్టరును కలిసి, ‘మా అమ్మ ముందు ఇలా ఉండేది కాదు’ అని స్పష్టంగా చెప్పండి. ఇన్ఫెక్షన్, ఆక్సిజన్, సోడియం, షుగర్ చూడాలి. మూత్రం నిలిచిపోయిందా, విరేచనం అయిందా, నొప్పి తగ్గిందా అన్నవి కూడా అంతే ముఖ్యం. పడినప్పుడు తలకు దెబ్బ తగిలి ఉంటే తప్పక చెప్పండి. ఇంట్లో వాడే మందులన్నీ తీసుకెళ్లి చూపించండి, ఎందుకంటే జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ కూడా వృద్ధులను ఇలా తికమక పెట్టగలదు.

నిద్రమాత్ర మీరుగా అడగవద్దు. అల్ప్రజోలం వంటివి డెలీరియంను పెంచవచ్చు. అయితే వాటిని రోజూ వాడేవారికి హఠాత్తుగా ఆపడమూ ప్రమాదమే, ఆ అలవాటు ఉంటే దాచకుండా చెప్పాలి. ఉద్రేకాన్ని తగ్గించే హాలోపెరిడాల్ వంటి మందును, రోగి భయంతో తనకో ఇతరులకో హాని చేసుకునే స్థితిలో ఉండి, మాటలతో ఊరడించలేనప్పుడే, తక్కువ మోతాదులో కొద్దికాలం ఇస్తారు. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవారికి అదీ పనికిరాదు.

సమాధానం (వార్డు నర్సు):
కళ్లజోడు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు ఇంట్లోనే ఉండిపోతే వెంటనే తెప్పించండి. పగలు కిటికీ తెరలు తీసి, డాక్టరు ఒప్పుకుంటే కుర్చీలో కూర్చోబెట్టి అన్నం తినిపించండి. రాత్రి లైట్లు, ఫోన్ల మోత తగ్గించి, రోజూ చూసే మనిషి ఒకరే దగ్గర ఉంటే మంచిది. మేనమామ కనిపిస్తున్నాడంటే వాదించకుండా, ‘నేనిక్కడే ఉన్నానమ్మా, ఇది ఆసుపత్రి’ అని నెమ్మదిగా చెప్పండి. చేతులు కట్టేస్తే భయం, పెనుగులాట పెరుగుతాయి. మూత్రపు గొట్టం ఇంకా అవసరమా అని రోజూ అడగండి.

ఇవి చిన్న పనులుగా కనిపించవచ్చు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 852 మంది వృద్ధ రోగులతో చేసి, 1999లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలాంటి జాగ్రత్తలు తీసుకున్నవారిలో 9.9 శాతం మందికి, మామూలు వైద్యం పొందినవారిలో 15 శాతం మందికి డెలీరియం వచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
డాక్టరుకు చెప్పాము. మూత్రం నిలిచిపోయిందని గుర్తించి తీయించారు, రక్తపరీక్షలకు పంపారు. ఇంటికి వెళ్లేలోపు పూర్తిగా తగ్గుతుందా?

సమాధానం (డాక్టర్):
చాలామందిలో కొన్ని రోజుల్లో తేరుకుంటుంది, కొందరికి వారాలు, నెలలు కూడా పడుతుంది. డిశ్చార్జి కాగితంలో డెలీరియం అని రాయించుకోండి. మళ్లీ ఎప్పుడు ఆసుపత్రిలో చేర్చినా, మత్తుమందు ఇచ్చే డాక్టరుకు ముందే చూపించాలి. జ్ఞాపకశక్తి పరీక్షలు ఇప్పుడు చేయించకుండా, ఆమె పూర్తిగా కోలుకున్న తర్వాత చేయించండి.