3 రోజుల్లో 14 చెర్రీ రొయ్యలు చనిపోయాయి, చేపలు మాత్రం బాగానే ఉన్నాయి: కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న: కూకట్‌పల్లి_తొట్టి

అందరికీ నమస్కారం. మా ఇంటి హాల్లో 2 అడుగుల మొక్కల ట్యాంకు ఉంది. అడుగున మట్టి, రాళ్లు పోను నీళ్లు సుమారు 50 లీటర్లు ఉంటాయి. జావా మాస్, అనూబియాస్, క్రిప్టోకోరిన్ మొక్కలు ఏడాదిగా పెరుగుతున్నాయి. నాలుగు నెలల క్రితం 15 ఎర్ర చెర్రీ రొయ్యలను తెచ్చి వదిలితే, అవి పిల్లలు పెట్టి గత నెలకు 32 అయ్యాయి. వాటితో పాటు నాచు తినే చిన్న ఓటో చేపలు 4, నెరైట్ నత్తలు 2 ఉన్నాయి. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ వాడుతున్నాను కాబట్టి, పిల్ల రొయ్యలు ఫిల్టర్‌లోకి లాగబడే భయం లేదు.

సోమవారం ఉదయం 5 రొయ్యలు, మంగళవారం 6, నిన్న 3 చనిపోయాయి. చనిపోయే ముందు అవి ట్యాంకంతా పిచ్చిగా ఈదుతూ, అద్దానికి కొట్టుకొని, తర్వాత వెల్లకిలా పడి, కాళ్లు మాత్రం సన్నగా వణుకుతూ గంటల తరబడి అలాగే ఉన్నాయి. చూస్తూ ఉండటం చాలా కష్టంగా అనిపించింది. నీటిని వెంటనే పరీక్షించాను. అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 10, జీహెచ్ (నీటి మొత్తం కాఠిన్యం) 7, కేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం) 4, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 220, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు వచ్చాయి. ఓటోలు అద్దం మీద నాచు తింటూ మామూలుగానే తిరుగుతున్నాయి, నత్తలకూ ఏమీ కాలేదు.

ఆ వారంలో జరిగిన మార్పులు మూడు. శనివారం కొత్తగా రోటాలా అనే నీటి మొక్క కట్టలు రెండు తెచ్చి, పంపు నీళ్ల కింద కడిగి నాటాను. ఆదివారం ఎప్పటిలాగే 30 శాతం నీరు మార్చాను. నీరు మంజీరా సరఫరాది, రాత్రంతా బకెట్లో గాలి పంపు పెట్టి ఉంచినదే. వర్షాలకు దోమలు పెరగడంతో, పడకగదిలో ఉండే దోమల లిక్విడ్ మెషీన్‌ను అదే రోజు హాల్లోకి మార్చాము. ఈ మూడింటిలో దేన్ని అనుమానించాలి? మిగిలిన 18 రొయ్యలను కాపాడుకోవడానికి ఇప్పుడు ఏమి చేయాలి?

జవాబు 1: నాచుమొక్క_సికింద్రాబాద్

మీరు రాసిన లక్షణాలు చదవగానే నాకు తట్టింది పురుగుమందు. అలా ఎందుకు అనుకుంటున్నానో చెబుతాను, ఎందుకంటే ఇటువంటి సమయంలో తప్పు కారణాన్ని పట్టుకొని మరో మందు వేస్తే మిగిలినవి కూడా పోతాయి.

నీటిలో క్లోరిన్ మిగిలి ఉంటే రొయ్యలతో పాటు ఓటోలు కూడా అవస్థపడేవి. అవి అంత గట్టి చేపలు కావు. ఆక్సిజన్ తగ్గి ఉంటే చేపలు నీటి పైభాగానికి చేరి నోరు తెరిచి ఊపిరి తీసుకునేవి. రాగి ఎక్కువై ఉంటే నత్తలు ముందుగా ముడుచుకొని కింద పడేవి, ఎందుకంటే రాగి నత్తలకూ రొయ్యలకూ ఒకేలా విషం. కుబుసం సరిగా విడవలేక చనిపోయే రొయ్యలకు తలభాగానికీ వీపుకీ మధ్య తెల్లటి పట్టీ కనిపిస్తుంది, అవి వారానికి ఒకటి రెండు చొప్పున పోతాయి తప్ప ఇలా గుంపుగా పోవు. చేపలూ నత్తలూ క్షేమంగా ఉండి, కీటకాలకు దగ్గరి చుట్టాలైన రొయ్యలు మాత్రమే నరాలు దెబ్బతిన్నట్టు గిలగిలలాడాయంటే, కీటకాలను చంపడానికి తయారుచేసిన మందేదో అతి కొద్ది మోతాదులో నీటిలో కలిసిందని అర్థం చేసుకోవాలి.

నా మొదటి అనుమానం ఆ రోటాలా కట్టల మీద. నర్సరీల్లో ఇటువంటి మొక్కలను చాలావరకు నీటి బయట, గాలిలో ఆకులు ఉండేలా పెంచుతారు. అక్కడ పేనుబంక, తెల్లదోమ వస్తే మందు కొట్టడం మామూలే. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు ఆకు మీద ఉండిపోవు, మొక్క లోపలికి చేరి రసంలో కలుస్తాయి. అందువల్ల పంపు కింద ఎంత కడిగినా అవి పోవు. పటిక నీళ్లలోనో పొటాషియం పర్మాంగనేట్‌లోనో ముంచడం వల్ల నత్తగుడ్లు, కొన్ని రకాల పురుగులు పోతాయి గాని పురుగుమందు పోతుందని అనుకోవద్దు. ఈ రెండింటినీ కలగలిపి చూడటం వల్లే చాలామంది రొయ్యలను పోగొట్టుకున్నారు. నేనూ మొదటి ఏడాది అలాగే పోగొట్టుకున్నాను.

ఇప్పుడు చేయవలసినది: రోటాలాను ఈ రోజే తీసివేయండి, కోసిన ముక్క కూడా మిగలకూడదు. పాత నీటితో ఉష్ణోగ్రత, టీడీఎస్ సరిపోయేలా నీటిని సిద్ధం చేసుకొని ఈ రోజు 25 శాతం, రేపు 25 శాతం మార్చండి. ఒకేసారి సగం నీరు మార్చితే, ఆ కుదుపుకు వేళగాని వేళ కుబుసం విడిచి బలహీనమైన రొయ్యలు అందులోనే పోతాయి. నీటిలోని రసాయనాలను పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్‌ను కొత్తగా కొని, కడిగి, పల్చటి గుడ్డ సంచిలో వేసి నీరు కదిలే చోట వేలాడదీయండి. వారం తర్వాత దానిని పారవేసి కొత్తది పెట్టండి. మేత నాలుగు రోజులు ఆపండి, నాచు మీద ఉన్నదే వాటికి సరిపోతుంది.

ఇకపై కొత్త మొక్క ఏదైనా ట్యాంకులోకి వెళ్లే ముందు కనీసం రెండు వారాలు విడి బకెట్లో, వెలుతురు తగిలేలా, రోజు విడిచి రోజు నీరు మారుస్తూ ఉంచండి. ఆ గడువులో గాలిలో పెరిగిన పాత ఆకులు రాలిపోయి నీటి ఆకులు వస్తాయి. పాత ఆకులను అక్కడే తుంచి పడేయవచ్చు. ల్యాబ్‌లో పెంచి, టిష్యూ కల్చర్ కప్పుల్లో అమ్మే మొక్కలకు ఈ బాధ ఉండదు, ధర ఎక్కువైనా రొయ్యలున్న ట్యాంకుకు నేను అవే కొంటున్నాను. బకెట్లో ఉంచడం వల్ల ఇంకో మేలు కూడా ఉంది: తూనీగ పిల్లలు మొక్కల వెంట గుడ్ల రూపంలో వస్తాయి. ఒక్క పిల్ల ట్యాంకులోకి చేరినా, మీరు గమనించేలోగా రోజూ ఒకటి రెండు చిన్న రొయ్యలు మాయమవుతుంటాయి.

జవాబు 2: డెల్టా_రొయ్య_భీమవరం

మాది ఆక్వా కుటుంబం, చెరువుల్లో వనామీ రకం రొయ్యలను పెంచుతాము. ఇంట్లో చిన్న ట్యాంకులో చెర్రీ రొయ్యలు ఉన్నాయి. పై మిత్రులు చెప్పిన కారణం సరైనదే అనిపిస్తోంది, కాని దోమల మెషీన్‌ను అంత తేలికగా వదిలేయవద్దని మనవి.

మా వైపు వరి చేలలో పురుగుమందు కొట్టిన రోజుల్లో ఆ మురుగు కాలువ నీటిని చెరువులోకి తోడుకోము. రొయ్యకూ పురుగుకూ శరీర నిర్మాణంలో ఉన్న దగ్గరితనం మాకు నష్టంతో తెలిసిన పాఠం. దోమల లిక్విడ్‌లో ఉండే ట్రాన్స్‌ఫ్లుత్రిన్, ప్రాలెత్రిన్ వంటివి కూడా పురుగుమందులే. అవి గదిలో పలచగా వ్యాపించి ఉంటే మనకు వాసన కూడా తెలియదు, కాని మీ గాలి పంపు అదే గదిలోని గాలిని రాత్రంతా పీల్చి నేరుగా నీటిలోకి బుడగలుగా పంపుతోంది. స్పాంజి ఫిల్టర్ రొయ్యలకు ఎంత మంచిదో, పంపు పెట్టిన చోటు సరిగా లేకపోతే అంత ప్రమాదం. మెషీన్‌ను హాల్లో నుంచి ఈ రాత్రే తీసివేసి, కిటికీలకు దోమతెర వేయించుకోండి. బొద్దింకల స్ప్రే, అపార్ట్‌మెంట్ వాళ్లు చేయించే పెస్ట్ కంట్రోల్ కూడా ఇంతే. అలా చేయించక తప్పని రోజున పంపు ఆపి, ట్యాంకును పల్చటి ప్లాస్టిక్ షీటుతో మూసి, పని అయ్యాక గది కిటికీలన్నీ తెరిచి గాలి పూర్తిగా మారాకే పంపు వేయాలి. పంపు ఆగిన ఆ కొద్దిసేపు తక్కువ రొయ్యలున్న ట్యాంకుకు ఇబ్బంది ఉండదు.

ఇంకొక మాట, వచ్చే ఎండాకాలం కోసం. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు, 30 డిగ్రీలకు అది 7.5కు పడిపోతుంది. రాత్రి వెలుతురు లేనప్పుడు మొక్కలు కూడా ఆక్సిజన్‌నే వాడుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున అది మరింత తగ్గుతుంది. చెరువుల్లో మేము ఏరియేటర్లను రాత్రి చివరి జాములో తప్పనిసరిగా తిప్పేది అందుకే. మీ ట్యాంకుకు కరెంటు పోయినా నడిచే బ్యాటరీ పంపు ఒకటి కొని ఉంచుకోండి. మొక్కల కోసం సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండరు పెట్టే ఆలోచన ఉంటే, దీపంతో పాటే అది కూడా ఆగేలా టైమర్ బిగించాలి. నీటిని చల్లబరచడానికి పైన చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది గాని, నీరు ఆవిరైన కొద్దీ లవణాలు చిక్కబడతాయి. తగ్గినంత నీటిని ఆర్వో నీటితోనే నింపండి, బోరు నీటితో నింపితే టీడీఎస్ వారం వారం పెరిగి రొయ్యలు కుబుసం విడవలేక అవస్థపడతాయి.

జవాబు 3: ఎడిసన్_మాస్

నేను న్యూజెర్సీలో ఉంటాను. మీకు జరిగినదానికి నేరుగా సంబంధం లేకపోయినా, ఇక్కడి తెలుగువారు కూడా చదువుతారు కాబట్టి రెండు విషయాలు చేరుస్తున్నాను. అమెరికాలో చాలా ఊళ్లలో నీటిలో క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం) కలుపుతారు, అది రాత్రంతా బకెట్లో ఉంచితే పోదు. వీటిని విరిచే కండిషనర్ ద్రవం తప్పనిసరి, అది కూడా క్లోరమైన్ విడిపోయినప్పుడు వెలువడే అమ్మోనియాను పట్టి ఉంచే రకమై ఉండాలి. ఇళ్లలో రాగి గొట్టాలు ఉంటాయి కాబట్టి రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిని కొన్ని నిమిషాలు వదిలేశాకే పట్టుకోండి, వేడి నీటి కుళాయి నీటిని ట్యాంకుకు అసలు వాడవద్దు.

రెండోది కుక్కలు, పిల్లులు ఉన్నవారికి. గోమారులు, పేల కోసం వాటి మెడ మీద వేసే చుక్కల్లో ఫిప్రోనిల్ వంటి పురుగుమందు, కుక్కల చుక్కల్లో అయితే కొన్నిటిలో పర్మెత్రిన్ కూడా ఉంటుంది. వాటిని నిమిరిన చేతిని మోచేతి వరకు సబ్బుతో కడిగి, సబ్బు పూర్తిగా పోయేలా నీళ్లతో మళ్లీ కడగకుండా ట్యాంకులో పెట్టకండి.

ప్రశ్న అడిగినవారి స్పందన: కూకట్‌పల్లి_తొట్టి

మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత రాస్తున్నాను. రోటాలాను ఆ రోజే తీసివేశాను, మెషీన్‌ను ఇంట్లో నుంచే తొలగించి కిటికీలకు తెరలు వేయించాము, కార్బన్ రెండుసార్లు మార్చాను. మర్నాడు 3 రొయ్యలు పోయాయి, తర్వాత ఒక్కటి కూడా పోలేదు. మిగిలిన 15లో రెండు ఆడ రొయ్యలు కడుపు కింద గుడ్లు మోస్తున్నాయి. రెండు కారణాల్లో ఏది అసలు కారణమో తేలలేదు, తేల్చుకోవడానికి మళ్లీ ప్రయోగం చేసే ధైర్యం నాకు లేదు.

ఒక చిన్న సందేహం. రాత్రి టార్చి వేసి చూస్తే అద్దం మీద త్రికోణం తల ఉన్న తెల్లటి చదును పురుగులు నాలుగైదు పాకుతున్నాయి. ఇవి ప్లనేరియాలేనా? ఫెన్‌బెండజోల్ అనే నులిపురుగుల మందు వేయమని ఒకరు సలహా ఇచ్చారు.

జవాబు 4: నాచుమొక్క_సికింద్రాబాద్

శుభవార్త విన్నాము, చాలా సంతోషం. మీరు చెప్పిన తలను బట్టి అవి ప్లనేరియాలే. పెద్ద రొయ్యల జోలికి అంతగా రావు గాని, అప్పుడే పుట్టిన పిల్లలనూ కుబుసం విడిచి మెత్తగా ఉన్నవాటినీ పట్టుకోగలవు. నాలుగైదే ఉన్నాయి కాబట్టి ముందు మేత తగ్గించండి, ఎందుకంటే మిగిలిన మేతే వాటిని పెంచుతోంది. సన్నని రంధ్రాలున్న చిన్న గాజు ఉచ్చులో కాస్త మాంసం ముక్క పెట్టి రాత్రి ఉంచి, తెల్లవారకముందే తీసివేయండి.

ఫెన్‌బెండజోల్ సరైన మోతాదులో చెర్రీ రొయ్యలకు హాని చేయదు, కాని నెరైట్ నత్తలను చంపుతుంది. పైగా అడుగు మట్టిలో నెలల తరబడి నిలిచిపోయి, తర్వాత తెచ్చిన నత్తలకు కూడా ముప్పవుతుంది. గుడ్లు మోస్తున్న ఆ రెండు ఆడ రొయ్యలు పిల్లలను వదలడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అంతవరకు ఉచ్చుతోనే సరిపెట్టండి. ఆ తర్వాత కూడా పురుగులు తగ్గకపోతే నత్తలను వేరే తొట్టికి శాశ్వతంగా మార్చి, అప్పుడు మందు సంగతి ఇక్కడే రాయండి, మోతాదు లెక్క కలిసి చూద్దాము.