అమ్మమ్మ చీరలతో పసిబిడ్డకు బొంత: మిషన్ మీద ముడతలు పడుతున్నాయి, ఏం చేయాలి?

గాజువాక అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా చెల్లికి వచ్చే నెల పురుడు. అమ్మమ్మ పోయి రెండేళ్ళయింది. ఆవిడ కట్టిన నేత చీరలు మూడు నా దగ్గర ఉన్నాయి, ఉతికీ ఉతికీ వెన్నలా మెత్తబడ్డవి. వాటితో బొంత కుట్టి పురిటికి పట్టుకెళ్ళాలని ఆశ. ఒక చీరను ఆరు మడతలు వేసి మిషన్ ఎక్కించాను. రెండు వరసలు బాగానే వచ్చాయి. మూడో వరస చివరికొచ్చేసరికి పై మడత నాలుగు వేళ్ళు మిగిలిపోయి కుప్పగా ముడత పడింది. రెండు సూదులు విరిగాయి. కుట్లు విప్పుతుంటే చీర ఒకచోట అరచేయంత చిరిగింది. అప్పట్నుంచి కత్తెర పట్టుకోవాలంటే చెయ్యి రావడం లేదు. ఈ చీరలు పోతే మళ్ళీ దొరకవు. తెలిసినవాళ్ళు దారి చెప్పండి.

తెనాలి బామ్మ:

తల్లీ, ముందు ఆ భయం వదిలెయ్. బొంతలో కుట్టడం చివరి పని. గుడ్డలు జరక్కుండా పట్టి ఉంచడమే అసలు పని, అది నువ్వు చెయ్యలేదు.

ఆరు మడతలు పసిబిడ్డకు ఎక్కువ. నీ దగ్గర ఇప్పుడు వానలు. మందం బొంత రెండు రోజులైనా ఆరదు, వాసనొస్తుంది. పసివాళ్ళ బొంత రోజూ ఉతకాల్సిందే కదా. పైన ఒకటి, కింద ఒకటి, లోపల రెండు పొరలు, మొత్తం నాలుగు చాలు. చీర పన్నా 45 అంగుళాలుంటుంది. లోపలికి 72 అంగుళాల ముక్క తీసి సగానికి మడిస్తే 36 అవుతుంది. పైకీ కిందికీ వేరే చీరల్లోంచి తీసుకో. లోపలిది విడి ముక్కలుగా కోయకు, మడత ఉన్నవైపు గుడ్డ కదలదు.

గంజి ఉంటే పూర్తిగా వదిలేదాకా ఉతుకు. గంజి గుడ్డలో సూది దిగదు. తర్వాత చీరను కిటికీకి అడ్డంగా ఎత్తి వెలుతురులో చూడు, పలచబడ్డ చోట్లు కనిపిస్తాయి. అవి లోపలికి పోవాలి. తెల్ల గుడ్డ తడిపి రంగు చీర మీద రుద్ది చూడు, రంగు అంటితే ఆ చీర బిడ్డకు వద్దు. జరీ అంచు ఏదైనా ఉంటే తీసెయ్, లేత ఒంటికి గీసుకుంటుంది.

ఇప్పుడు నేల మీదికి రా. అడుగు గుడ్డ పరిచి నాలుగు వైపులా బిగువుగా లాగి టేపుతో నేలకి అంటించు. మరీ సాగదీయకు. టైల్స్ గీతలే నీకు కొలబద్ద. దాని మీద మిగతా పొరలు ఒక్కొక్కటీ వేసి, అరచేత్తో నడిమి నుంచి అంచులకు దువ్వు. జానెడుకొక పిన్నీసు పెట్టు. ఎన్ని పెట్టావో కాగితం మీద రాసుకో, పని అయ్యాక అన్నీ లెక్కకు రావాలి. ఈ ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు, బిడ్డ పడుకునే గుడ్డ అది. ఆ తర్వాత వేరే రంగు దారంతో పెద్ద పెద్ద టాకాలు వెయ్యి, నడిమి నుంచి బయటికి. నాకు ఈ టాకాలకే ఒక పూట పడుతుంది. ఆ పూట దండగ అనుకున్న ప్రతిసారీ రెండు పూటలు విప్పుకుంటూ కూర్చున్నాను.

చేత్తో కుడితే ఇంకా మంచిది, మెత్తదనం పోదు. దారం మూరెడే తీసుకో, బారెడు తీస్తే చిక్కులు పడుతుంది. కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే మెలికలు తిరగదు. సూది బయటికి రాకపోతే పాత సైకిల్ ట్యూబ్ ముక్కతో పట్టి లాగు. గీతలు గీయడానికి అరిగిన సబ్బు ముక్క చాలు, పెన్ను వద్దు. నాకు చూపు ఆనదు, అందుకని మా మనవడు బడికెళ్ళే ముందు పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పోతాడు. సాయంత్రానికి పదీ అయిపోతాయి.

సిద్దిపేట టైలర్:

అక్కా, బామ్మ చెప్పింది నిజం. మిషన్ మీదనే కుట్టాలంటే ఇది చూడుండ్రి. సూది కింద ప్లేటుల ఉండే మిషన్ పండ్లు అడుగు బట్టను గుంజుతయి, ఫుట్టేమో మీది బట్టను ఒత్తి పట్టుకుంటది. మీదిది మిగిలేది అందుకే. ఫుట్ కడ్డీ నెత్తిన తిప్పే స్క్రూ ఉంటది, దాన్ని కొంచెం వదులు చేయుండ్రి. 16 నంబరు సూది, కొత్తది పెట్టుండ్రి. కుట్టు పెద్దగ పెట్టి నడిమి వరస నుంచి మొదలుపెట్టుండ్రి. బట్టను ఎనుక నుంచి గుంజొద్దు. గుంజితే సూది వంగి ప్లేటుకు తగుల్తది, ఇరుగుతది.

హుబ్లీ కోడలు:

చిరిగిన చోటు గురించి ఒక మాట. మాకు పక్కనే ఉత్తర కన్నడ జిల్లాలో, హళియాళ, ఎల్లాపూర్ వైపు, సిద్ధి తెగ ఆడవాళ్ళు కవంది అనే బొంత కుడతారు. వాళ్ళు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వచ్చి ముగిస్తారు. పాత గుడ్డ ముక్క అంచు లోపలికి మడిచి పెట్టుకుంటూ, దాని మీదుగానే వరస కుట్టుకుంటూ పోతారు. అతుకు వేరే పని కాదు వాళ్ళకు. మూలల్లో చిన్న మడత ముక్కలు పెడతారు, ఫూల అంటారు. మీ చిరుగు మీద కూడా అమ్మమ్మ ఇంకో చీర ముక్క అలాగే వేసి కుట్టండి. దాచాల్సిన పని లేదు.

గాజువాక అమ్మాయి:

పది రోజులు పట్టింది, పూర్తయింది. చేత్తోనే కుట్టాను, వరసకీ వరసకీ రెండు వేళ్ళ ఎడం. చిరిగిన చోట నీలం చీర కొంగు ముక్క అతికాను, అమ్మ మొదట దాన్నే తడిమి చూసింది. అడుగు గుడ్డ రెండంగుళాలు ఎక్కువ ఉంచి, పైకి మడిచి అంచు కట్టాను. బామ్మగారూ, 40 పిన్నీసులు రాసుకున్నాను, తీస్తే 39 వచ్చాయి. బొంత అంతా వేళ్ళతో నొక్కుకుంటూ వెతికాను. నలభయ్యోది రాత్రి పదకొండింటికి అంచు మడతలో దొరికింది.