ఆఫీసు క్యాంటీన్‌కు రైతుల దగ్గర నేరుగా కూరగాయలు కొనాలంటే లెక్క, ఒప్పందం ఎలా ఉండాలి?

ప్రశ్న: ఆఫీస్_వ్యవహారాలు

నమస్కారం. మా సంస్థలో 300 మంది పనిచేస్తారు. క్యాంటీన్ కాంట్రాక్టరు నడుపుతారు, భోజనానికి ఇంత అని చెల్లింపు. పర్యావరణం, ఉద్యోగుల ఆరోగ్యం, చుట్టుపక్కల రైతులకు ఊతం ఈ మూడూ కలిసొచ్చేలా ఏడాది పొడవునా నడిచే ఒక పని తయారుచేయమని యాజమాన్యం అడిగింది. మూడు ప్రతిపాదనలు వచ్చాయి: నెలకోసారి ఆవరణలో రైతుల స్టాల్, ఉద్యోగులకు వారం వారం కూరగాయల బుట్ట, లేదా క్యాంటీన్‌కే నేరుగా కొనడం.

దేనితో మొదలుపెట్టాలి? ఎంత కొంటామని మాటివ్వొచ్చు? ధర ఎలా కట్టాలి, పంట దెబ్బతింటే నష్టం ఎవరు భరించాలి? రోజుకు 60 కిలోల దాకా తడి చెత్త వస్తోంది, దాన్ని ఎరువు చేసి రైతులకే ఇవ్వొచ్చా? లెక్కలతో చెప్పగలిగితే మేలు.

---

జవాబు 1: పైరుపచ్చ

క్యాంటీన్ కొనుగోలుతోనే మొదలుపెట్టండి. నెలకోసారి పెట్టే స్టాల్ వల్ల రైతుకు ఒక పూట అమ్మకం దక్కుతుంది, అంతే. దాన్ని నమ్ముకుని ఎవరూ విత్తనం వేయరు. రైతుకు కావాల్సింది విత్తేనాటికే తెలిసిన పరిమాణం, చెప్పిన రోజుకు చేతికొచ్చే డబ్బు.

ముందు పరిమాణం చూద్దాం. 300 మందిలో రోజూ క్యాంటీన్‌లో తినేవారు 70 శాతం అనుకుంటే 210 మంది. బంగాళాదుంపలాంటి దుంపలు కాకుండా రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అందులో సగం మధ్యాహ్న భోజనంలో అందాలంటే మనిషికి 200 గ్రాములు, మొత్తం 42 కిలోలు. తొక్క, కాడ, పుచ్చు తీసేస్తే 20 శాతం పోతుంది కాబట్టి రోజుకు 52 కిలోలు, అయిదు రోజుల వారానికి 260 కిలోలు కొనాలి. మొదటి సీజన్‌లో ఇదంతా ఒప్పుకోకండి. 40 శాతం, అంటే వారానికి 100 కిలోలు ఖాయం చేసి, మిగతాది ఇప్పటిలాగే కొనండి. మాటిచ్చి తప్పడం కంటే తక్కువ చెప్పి నిలబెట్టుకోవడమే రైతుకు మేలు.

ఎప్పుడు చెప్పాలన్నది ఇంకా ముఖ్యం. ఆకుకూరలు విత్తిన 25–30 రోజులకు కోతకొస్తాయి, బెండ 45–50 రోజులకు. టమాటా, వంగకు నారుమడిలో 25–30 రోజులు, నాటాక మరో రెండు నెలలు. కాబట్టి ఆర్డర్ మూడు నెలల ముందు చేతికందాలి. ‘వచ్చే వారం టమాటా 40 కిలోలు పంపండి’ అంటే రైతు ఎక్కడో కొనుక్కొచ్చి ఇవ్వాల్సిందే, ఇక మీరు పెట్టుకున్న పథకానికి అర్థం ఉండదు. ఆకుకూరలు వారానికో మడి, బెండ మూడు వారాలకో దఫా చొప్పున విడతలుగా విత్తమనండి. ఎంత పద్ధతిగా విత్తినా కాపు ఒకేలా రాదు. మొదట కొద్దిగా మొదలై, మధ్యలో విరగకాసి, చివర్లో తగ్గుతుంది. అందుకే ఒప్పందంలో 20 శాతం అటూ ఇటూ వెసులుబాటు రాయాలి. తక్కువొస్తే అడక్కూడదు, 20 శాతం వరకు ఎక్కువొస్తే కాదనకూడదు.

చాలామంది సెలవులను మరిచిపోతారు. బెండకాయను రోజు మార్చి రోజు కోయాల్సిందే. ఆఫీసు నాలుగు రోజులు మూస్తే కాయ ముదిరిపోతుంది, ముదిరిన కాయలు చెట్టు మీదే ఉంటే కొత్త పిందె తగ్గుతుంది. సెలవుల జాబితా ఏడాది మొదట్లోనే ఇవ్వండి. ఆ రోజుల సరుకు బయట అమ్ముకునే హక్కు రైతుదేనని రాసుకోండి. ఉన్నట్టుండి అందరినీ ఇంటి నుంచి పనిచేయమంటే మాత్రం ఆ వారం ఖాయం చేసిన సరుకుకు సంస్థ డబ్బు చెల్లించాలి.

ధర విషయంలో ‘మార్కెట్ కంటే 10 శాతం తక్కువకు’ అనే ఒప్పందాలు నిలవవు. ధర పెరిగితే రైతుకు బయట అమ్మాలనిపిస్తుంది, పడిపోతే కొనేవారికి బయట కొనాలనిపిస్తుంది. సాగు ఖర్చు, కోత కూలి, రవాణా కలిపి దాని మీద కొంత లాభం వేసి కనీస ధర కట్టండి. పైన ఒక గరిష్ఠ ధర. ఈ రెండింటి మధ్య గత రెండు వారాల టోకు ధరల సగటు. సీజన్‌కోసారి మళ్లీ కూర్చుని లెక్క చూసుకోవాలి.

డబ్బు ఏడు రోజుల్లో అందాలి. మీ అకౌంట్స్ విభాగంలో మిగతా సరఫరాదారులందరికీ 45 రోజులో 60 రోజులో గడువు ఉండి ఉంటుంది. రైతులకు వేరే నియమం పెట్టించకపోతే రెండో నెలకే సరుకు ఆగిపోతుంది, ఎందుకంటే కోత కూలి ఏ రోజుకారోజు ఇవ్వాల్సిందే. వీలైతే విత్తేటప్పుడు సీజన్ విలువలో 20–30 శాతం అడ్వాన్స్ ఇచ్చి, బిల్లుల్లో సమాన భాగాలుగా మినహాయించుకోండి.

పంట నష్టం సంగతి: ముగ్గురు నలుగురు రైతులకు పంచి ఇవ్వండి, ఒక్కరి మీదే ఆధారపడొద్దు. వాన, తెగులు వల్ల పంట పోతే జరిమానా ఉండకూడదు, అడ్వాన్స్ వచ్చే సీజన్‌కు బదిలీ కావాలి. కారణం లేకుండా సరుకు బయటికి మళ్లిస్తే మాత్రం మిగిలిన అడ్వాన్స్ వెనక్కివ్వాలి. ఈ తేడా కాగితం మీద స్పష్టంగా ఉండాలి.

నాణ్యతకు ‘ఫస్ట్ క్వాలిటీ’ అని రాయకండి. అదే గొడవలకు మూలం. తిప్పి పంపడానికి కారణాలు పేరు పేరునా రాయండి: కుళ్లు, పురుగు తొలిచిన కాయ, పసుపు తిరిగిన ఆకు, ముదురు బెండ. బెండకాయ కొనను వేలితో వంచితే టప్పున విరగాలి, వంగి ఊరుకుంటే ముదిరినట్టే. తరిగి వండే కూరకు కాయ వంకరగా ఉన్నా, చిన్నదైనా వచ్చే నష్టమేమీ లేదు, అవి తీసుకోవాలి. సరుకు దిగిన గంటలోపు ఫొటోతో చెప్పాలి, ఆ తర్వాత వాపసు లేదు.

---

జవాబు 2: వంటింటి_తూకం

పైరుపచ్చ గారి లెక్క బాగుంది. అయితే సరుకు గేటు దాటి లోపలికొచ్చాక పథకం చెడిపోయే చోట్లు వేరే ఉన్నాయి.

మొదటిది మీ కాంట్రాక్టు. భోజనానికి ఇంత అని స్థిర ధర ఇస్తే కాంట్రాక్టరు మిగుల్చుకోగలిగేది కూరగాయల్లోనే. కూర తగ్గించి దుంప, నూనె పెంచుతారు. అది వారి తప్పు అనలేం, కాంట్రాక్టు అలా రాసి ఉంది. కూరగాయల ఖర్చును భోజనం ధర నుంచి విడదీసి, సంస్థే రైతులకు నేరుగా చెల్లించాలి. కాంట్రాక్టరుకు వంట, వడ్డన, నిర్వహణ రుసుము ఇవ్వాలి. పొలం నుంచి వచ్చిన సరుకును ఎక్కువసార్లు కడగాలి, ఏరాలి. ఆ పనికి ఉదయం అదనపు మనిషిని రుసుములోనే లెక్కగట్టకపోతే వంటవాళ్లు ఆ కూరలను పక్కన పెట్టేస్తారు.

మెనూలో వంటకాల పేర్లు నెల ముందే అచ్చు వేయొద్దు. సోమవారం ఆకుకూర, మంగళవారం తీగ జాతి కాయ, బుధవారం చిక్కుడు జాతి అని గళ్లు మాత్రం పెట్టుకోండి. ఏ గడిలో ఏది వండాలన్నది రైతులు ముందు గురువారం ఇచ్చే జాబితా చూసి నిర్ణయించాలి.

నిల్వలో జరిగే పొరపాటు అన్నీ ఒకే చల్లని గదిలో పెట్టడం. ఆకుకూరలు, క్యారెట్ 0–4 డిగ్రీల్లో బాగుంటాయి. అదే చలికి టమాటా, వంకాయ, బెండ, దోస పాడవుతాయి. పండిన టమాటా రుచి పోతుంది, దోస మీద గుంటలు పడి నీరు కారుతుంది. వీటికి 10–13 డిగ్రీలు కావాలి, లేదంటే నీడగా గాలాడే చోట ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. పండుతున్న అరటి, మామిడి పక్కన ఆకుకూరలు ఉంచితే వాటి నుంచి వచ్చే ఇథిలీన్‌కు ఆకు త్వరగా పసుపు తిరుగుతుంది. రవాణా గోనెసంచుల్లో కాదు, 15–20 కిలోలు పట్టే ప్లాస్టిక్ క్రేట్లలో జరగాలి.

ఆరోగ్యం విషయానికొస్తే, ఉద్యోగుల బరువు తూచే పోటీలు పెట్టకండి. తూచాల్సింది స్టోర్ నుంచి వంటింటికి వెళ్లే ఉప్పును, నూనెను. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. 210 భోజనాలకు 2 కిలోల ఉప్పు వాడుతుంటే తలకు 9.5 గ్రాములు, ఒక్క పూటలోనే రోజు పరిమితికి దాదాపు రెట్టింపు! పూటకు 2 గ్రాములు లక్ష్యమైతే మొత్తం 420 గ్రాములు. ఒక్కసారిగా తగ్గిస్తే అందరూ చప్పగా ఉందంటారు. రెండు వారాలకోసారి పదో వంతు చొప్పున తగ్గిస్తూ రండి, నాలుక అలవాటు పడుతుంది. రెడీమేడ్ మసాలాలు, సాస్‌లలోని ఉప్పు కూడా ఈ లెక్కలోకే రావాలి.

ఇంకొకటి, భోజన విరామంలో మీటింగులు పెట్టకూడదన్న నియమం. వరుసలో 15 నిమిషాలు నిలబడి, 10 నిమిషాల్లో మింగి పరుగెత్తే మనిషికి ఎంత మంచి కూర పెట్టినా ఫలితం ఉండదు.

---

ఆఫీస్_వ్యవహారాలు:

ఇద్దరికీ ధన్యవాదాలు. కూరగాయల ఖర్చు విడదీయడం మాకు తట్టనే లేదు, ఈ కాంట్రాక్టు గడువు ముగిసేలోపు అది మార్పించవచ్చు. 60 కిలోల చెత్తకు కంపోస్ట్ యంత్రం కొనమని ఒక కొటేషన్ వచ్చింది. తీసుకోవచ్చా? బుట్టల ఆలోచన పూర్తిగా మానేయాలా?

---

జవాబు 3: చెత్త_నుంచి_ఎరువు

యంత్రం ఇప్పుడే కొనకండి. మీ అంకెలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. రోజుకు 52 కిలోల కూరగాయలు వాడినా తొక్కలు, కాడలు 10 కిలోలే వస్తాయి. టీ పిప్పి, పండ్ల తొక్కలు మరో 10 అనుకుందాం. మిగతా 40 కిలోలు వండిన ఆహారమే. 210 మందికి తలా 190 గ్రాములు! దాన్ని ఎరువు చేయడం కంటే అసలు మిగలకుండా చూడటం ఎంతో మేలు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 29 కోట్ల టన్నులు హోటళ్లు, క్యాంటీన్ల లాంటి చోట్ల నుంచి వచ్చిందే.

రెండు వారాల పాటు మూడు డబ్బాలు పెట్టి విడివిడిగా తూచండి: తరిగినప్పుడు వచ్చేది, గిన్నెల్లో మిగిలేది, కంచాల్లో వదిలేది. గిన్నెల్లో ఎక్కువ మిగిలితే తప్పు అంచనాలో ఉంది. ఉదయం 10 గంటలకల్లా హాజరు సంఖ్య వంటింటికి చేరాలి, 70 శాతం మొదట వండి మిగతాది వరుస చూసుకుని వండాలి. కంచాల్లో ఎక్కువ వదిలేస్తుంటే గరిటె పెద్దదై ఉండాలి, లేదా ఆ వంటకం నచ్చక ఉండాలి. చిన్న గరిటె పెట్టి, అడిగినవారికి రెండోసారి వడ్డించండి. వడ్డించని ఆహారాన్ని ఎవరికైనా ఇవ్వాలనుకుంటే 60 డిగ్రీల పైన వేడిగా ఉంచాలి, లేదా త్వరగా చల్లార్చి 5 డిగ్రీల లోపు నిల్వ చేయాలి. మధ్య ఉష్ణోగ్రతలో గంటల తరబడి ఉన్నదాన్ని పంచకూడదు.

ఇవన్నీ చేశాక చెత్త 40 కిలోలకు దిగిందనుకోండి. నెలకు 22 పనిదినాలకు 880 కిలోలు, అంటే దాదాపు 1.8 ఘనమీటర్లు. దానికి రెట్టింపు పరిమాణంలో ఎండాకులు గానీ, చెక్క పేళ్లు గానీ కలపాలి, మొత్తం 5 ఘనమీటర్లకు కొంచెం పైన. కుళ్లేకొద్దీ సగానికి కుంగుతుంది. మూడు నెలలు నిల్వ ఉంచడానికి ఘనమీటరు తొట్లు పది, పదకొండు చాలు. తొట్టి అంతకంటే చిన్నదైతే లోపల వేడి నిలవదు. ఎండాకులు ఏడాదంతా దొరకవు కాబట్టి రాలే కాలంలోనే సంచుల్లో నిల్వ చేసుకోవాలి. చాలాచోట్ల పథకం ఆగిపోయేది ఎండాకులు అయిపోయాకే.

కర్బనం, నత్రజని నిష్పత్తి 25–30కి 1, తేమ 50–60 శాతం ఉండాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడండి. ముద్దకట్టి, వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు వస్తే సరైన తేమ. నీరు ధారగా కారితే ఎండాకులు కలపాలి, పొడిగా రాలిపోతే నీళ్లు చల్లాలి. లోపల 55 డిగ్రీలు దాటి కనీసం మూడు రోజులు ఉండాలి, అప్పుడే రోగకారక క్రిములు, కలుపు గింజలు చస్తాయి. అంచుల్లో ఉన్నది మధ్యకు వచ్చేలా వారానికోసారి తిరగేసి, ప్రతిసారీ థర్మామీటరు గుచ్చి రాసుకోండి. ఘాటైన అమ్మోనియా వాసన వస్తే నత్రజని ఎక్కువైనట్టు. కుళ్లిన గుడ్ల వాసన వస్తే గాలి అందడం లేదు.

రైతుకు ఇచ్చే ముందు మరో రెండు పనులున్నాయి. వండిన ఆహారంలో ఉప్పు ఉంటుంది, అది పొలంలో పేరుకుంటే మొలకలు దెబ్బతింటాయి, కాబట్టి ఉప్పు ఎంతుందో తెలిపే విద్యుత్ వాహకత పరీక్ష ప్రతి దఫా చేయించండి. దాంతోపాటు ఆ ఎరువు, మట్టి సమంగా కలిపిన కుండీలో పది విత్తనాలు, ఉత్త మట్టిలో పది వేసి చూడండి. ఎరువు కుండీలో మొలక వెనకబడితే ఇంకా మాగలేదని లెక్క. ‘మట్టిలో కలిసిపోతుంది’ అని రాసి ఉన్న పీఎల్‌ఏ (మొక్కల పిండి పదార్థంతో చేసే ప్లాస్టిక్) కప్పులు, చెంచాలు ఇందులో వేయొద్దు. వాటికి వారాల తరబడి నిలిచే పారిశ్రామిక స్థాయి వేడి కావాలి, ఘనమీటరు తొట్టిలో అది నిలవదు. పండ్ల మీది స్టిక్కర్లు వంటింట్లోనే తీసేయించండి, తర్వాత ఏరడం అసాధ్యం.

---

జవాబు 4: పైరుపచ్చ

బుట్టలు మానేయక్కర్లేదు, రెండో సీజన్‌లో మొదలుపెట్టండి. ముందే డబ్బు కట్టి పంటలో వాటా తీసుకునే పద్ధతి జపాన్‌లో 1970ల నుంచే ‘తేకేయి’ పేరుతో నడుస్తోంది, కొత్తేమీ కాదు. ఇష్టమున్నవారే చేరాలి, మూడు నెలలకు ముందే కట్టాలి. వారానికి 4–5 కిలోలది ఒకటి, దాంట్లో సగం ఇంకొకటి, రెండు సైజులు చాలు. వరుసగా మూడు వారాలు ఒకే కాయ వస్తే జనం మానేస్తారు, కనీసం అయిదు రకాలు ఉండేలా రైతులే మాట్లాడుకోవాలి. సాయంత్రం ఎవరూ తీసుకెళ్లని బుట్ట మర్నాడు క్యాంటీన్‌కు వెళ్తుందని ముందే రాసుకోండి. మీ ఆఫీసు సెలవుల ముందురోజు సరుకు పెరిగినప్పుడు ఈ బుట్టలే ఆదుకుంటాయి.

నివేదికలో మాత్రం ‘దగ్గర్లో కొన్నాం కాబట్టి కార్బన్ తగ్గింది’ అని రాయకండి. సగం ఖాళీగా తిరిగే చిన్న వ్యాన్, నిండు లారీ కంటే కిలోకు ఎక్కువ ఇంధనం తాగొచ్చు. నలుగురు రైతుల సరుకు ఒకే బండిలో వారానికి రెండుసార్లు వచ్చేలా, తిరుగు ప్రయాణంలో ఖాళీ క్రేట్లు, మాగిన ఎరువు వెళ్లేలా చూడండి. ప్రతి నెలా నాలుగు అంకెలు రాయండి: ఒప్పుకున్న కిలోల్లో నిజంగా కొన్నవి ఎన్ని, బిల్లు చెల్లించడానికి సగటున ఎన్ని రోజులు పట్టింది, భోజనానికి ఎన్ని గ్రాముల కూరగాయలు వాడారు, ఎన్ని గ్రాముల ఆహారం పారేశారు. ఇందులో రెండోది ఏడు రోజులు దాటిన నెల మిగతా మూడూ ఎంత బాగున్నా ముందు దాన్నే సరిచేయించండి.