ముప్పై ఏళ్ల ఇంటికి కిటికీలు మార్చాలి, ముందు ఏం చూసుకోవాలి? బెజవాడ, గుంటూరు వాళ్లు చెప్పండి

బెజవాడ_పాతిల్లు:
అందరికీ నమస్తే అండి. సత్యనారాయణపురంలో మా నాన్నగారు 1993లో కట్టించిన ఇల్లు, కింద పైన కలిపి 11 కిటికీలు, అన్నీ చెక్కవే. ఫ్రేములు మద్ది, రెక్కలు టేకు అని నాన్న చెప్పేవారు. ఆయన పోయి రెండేళ్లయింది, ఇప్పుడు అమ్మ ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకోసారి వచ్చి వెళ్తుంటా. మొన్న వచ్చినప్పుడు పడగ్గది కిటికీ కింది చెక్కని ఊరికే బొటనవేలితో నొక్కితే అప్పడంలా విరిగి లోపలికి పోయింది, లోపలంతా తడిమట్టి, చెదలు. పైన పెయింట్ మాత్రం నిగనిగలాడుతోంది, అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ తెలీలేదు.

వానాకాలం రెక్కలు ఉబ్బి పడవు, అమ్మ మోకాళ్ల నొప్పులతో స్టూలు మీద కూర్చుని రెండు చేతులతో లాగి వేస్తోంది, ఎండాకాలం మళ్లీ అవే రెక్కలు ఎండిపోయి సందులు పడి సాయంత్రం ఆరింటికల్లా దోమలు. ఇక మార్చేద్దామని డిసైడ్ అయ్యా. ముగ్గురిని పిలిస్తే ఒకాయన చదరపు అడుగు లెక్క చెప్పాడు, ఒకాయన కిటికీకి ఇంత అన్నాడు, మూడో ఆయన టేపు కూడా తీయకుండా చూసి వెళ్లి ఫోన్‌లో రేటు పంపించాడు. యూపీవీసీయా (గట్టి ప్లాస్టిక్ ఫ్రేములు) అల్యూమినియమా, ఫ్రేము పీకాలా రెక్కలే మార్చాలా, ఏ నెలలో పెట్టుకోవాలి, అసలు పని మొదలయ్యేలోపు నేను ఏం సిద్ధం చేసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

పట్టాభిపురం_చెక్కపని:
నమస్తే బాబూ, గుంటూరులో 22 ఏళ్లుగా వడ్రంగి పనిలో ఉన్నా, ఇప్పుడు యూపీవీసీ ఫిట్టింగులు కూడా చేస్తున్నాం. మెటీరియల్ సంగతి తర్వాత, ముందు మీ కిటికీల ఊచలు ఎక్కడున్నాయో చూసుకోండి. ఆ రోజుల్లో కట్టిన ఇళ్లలో ఎక్కువ భాగం ఇనప ఊచలు గోడలో ఉండవు, చెక్క ఫ్రేములోనే చిల్లులు వేసి దూర్చేసేవాళ్లం. అంటే ఫ్రేము పీకితే ఊచలు కూడా దాంతోనే వచ్చేస్తాయి, ఆ రాత్రికి మీ ఇంటికి నాలుగడుగుల బొక్క. అమ్మగారు ఒక్కరే ఉంటారంటున్నారు కాబట్టి చెప్తున్నా, 11 కిటికీలూ ఒకేసారి పీకేసి మూడు రోజుల్లో లేపేస్తాం అనేవాళ్ల మాట వినకండి. రోజుకి ఒక గది, ఆ గదిలో కొత్త ఫ్రేము, గ్రిల్లు రెండూ బిగిసి తాళం పడేంత వరకూ రెండో గది ముట్టుకోకూడదు. గ్రిల్లు ముందే కొలత ఇచ్చి చేయించి తుప్పు పట్టకుండా రెడ్‌ఆక్సైడ్ పెయింట్ కొట్టించి ఇంట్లో పెట్టుకున్నాకే మొదటి ఫ్రేము మీద చెయ్యి వెయ్యండి.

రెండోది, ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని 11 ఫ్రేములకీ కింది రెండు మూలలూ, అడుగు చెక్కా పొడిచి చూడండి. గట్టిగా ఠంగుమంటే ఆ చెక్క బతికే ఉంది, మెత్తగా దిగిపోతే లేదు. చాలా ఇళ్లలో కింది అంతస్తే పోతుంది, పైన బానే ఉంటాయి. బాగున్నవాటికి ఫ్రేము ఉంచేసి, బందులు, గడియలు మార్చి, రెక్కల అంచులు చిత్రిక పట్టించి, దోమల జాలీ పెట్టించుకుంటే ఇంకో పదిహేనేళ్లు ఢోకా లేదు. పాత టేకు రెక్క ఇప్పుడు కొనాలన్నా దొరకడం కష్టం. పీకినవాటిని కూడా కాంట్రాక్టర్ పాత సామానులో వేసుకుపోతాడు, మీకే ఉంచుకోండి, దాంతో పూజ గదికి తలుపు చేయించుకున్నవాళ్లు ఉన్నారు.

ఇంకోటి, చెదలు కిటికీలో పుట్టవు, నేల నుంచి గోడ లోపల్లోపల పాకి వస్తాయి. మందు కొట్టించకుండా యూపీవీసీ పెట్టేస్తే దాన్ని తినలేవు గానీ పక్కనున్న తలుపు గుమ్మానికీ, బట్టల బీరువాకీ పోతాయి. కాబట్టి ముందు చెదల మందు, తర్వాతే కిటికీలు.

సింగ్‌నగర్_అమ్మ:
నేను కూడా చెప్తానండి, ఎందుకంటే మేం డబ్బులు పెట్టి నేర్చుకున్నాం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరద వచ్చినప్పుడు మా ఇంట్లో నడుం పైదాకా నీళ్లు, రోజుల తరబడి తియ్యలేదు. నీళ్లు పోయాక చూస్తే చెక్క కిటికీల రెక్కలు ఫ్రేముల్లో బిగుసుకుపోయాయి, సుత్తితో కొడితే తప్ప రాలేదు. ఆ తొందరలో ఎవరు ముందు దొరికితే వాళ్లకిచ్చి ఇల్లంతా యూపీవీసీ స్లైడింగ్ పెట్టించేశాం. మెటీరియల్ బానే ఉంది కానీ స్లైడింగ్ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుందని మాకు ఎవరూ చెప్పలేదండి, మేమూ అడగలేదు. మే నెలలో రాత్రి కరెంటు పోతే ఆ సగం సందులోంచి వచ్చే గాలి ఎంత, వంటింట్లో అయితే పోపు పెడితే ఘాటు ఇల్లంతా తిరుగుతుంది. వంటింటికీ పడగ్గదికీ పాతవాటిలా బయటికి తెరుచుకునే రెక్కలే పెట్టించుకోండి, రోడ్డు వైపు, బాల్కనీ వైపు స్లైడింగ్ చాలు.

మొదటి వానకే హాల్లో కిటికీ కింద నీళ్లు చేరాయి. చూస్తే స్లైడింగ్ ట్రాకుకి బయటివైపు నీళ్లు పోవడానికి చిన్న చిన్న చిల్లులు ఉంటాయట, వాటిని మా వాళ్లు సిలికాన్‌తో పూసేశారు, బాగా సీలు చేశాం మేడం అని చూపించి మరీ వెళ్లారు. మావారు సూదితో గీకి తీస్తే అప్పుడు పోయాయి నీళ్లు. బిగించాక ఒక మగ్గుతో నీళ్లు ట్రాకులో పోసి బయటికి పోతున్నాయో లేదో వాళ్లు ఉండగానే చూసుకోండి, మిగతా డబ్బులు ఆ తర్వాతే ఇవ్వండి.

సైట్_ఇంజనీర్_పటమట:
కొలతల గురించి కొంచెం చెప్తా. పాత ఇళ్లలో గోడ ఓపెనింగ్ ఎక్కడా మూలమట్టానికి ఉండదు. వెడల్పు పైన, మధ్యలో, కింద మూడు చోట్ల తీయాలి, ఎత్తు కూడా అంతే, వచ్చినవాటిలో తక్కువది తీసుకోవాలి, కర్ణాలు రెండూ కొలిచి తేడా ఎంతుందో రాసుకోవాలి. ఫ్రేము పీకి కొత్తది పెడుతుంటే ప్లాస్టరింగ్ కొట్టాక ఓపెనింగ్ మారుతుంది కాబట్టి ఆర్డర్‌కి ముందు ఇంకోసారి కొలవమనండి. టఫెన్డ్ గ్లాస్ (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) ఒకసారి తయారయ్యాక కొయ్యడానికి కుదరదు, అరంగుళం తేడా వస్తే ఆ అద్దం పక్కన పడెయ్యాల్సిందే. టేపు తియ్యకుండా రేటు పంపినాయన్ని లిస్టులోంచి తీసేయండి.

కొటేషన్లు ముగ్గురివీ ఒకేలా రాయించుకుంటే తప్ప పోల్చలేరు. ప్రొఫైల్ (యూపీవీసీ ఫ్రేము గొట్టం) లోపల స్టీల్ ఉందా లేదా, ఉంటే ఎంత మందం, అద్దం ఎన్ని మిల్లీమీటర్లు, జాలీ కలిపా, గ్రిల్లు ఎవరిది, పాత ఫ్రేము పీకే కూలీ, గోడ పూడ్చే తాపీ పని, డెబ్రిస్ ఎత్తేది ఎవరు, జీఎస్టీ లోపలా బయటా. ఈ తాపీ పని దగ్గరే అందరూ తప్పించుకుంటారు, ఫ్రేముకి గోడలోకి దించిన ఇనప పట్టీలు, హోల్డ్‌ఫాస్టులు అంటారు, అవి ఉంటాయి, అవి లాగితే ఒక్కో చోట జానెడు గోడ ఊడొస్తుంది, అప్పుడు అది మా పని కాదండి అంటారు. యూపీవీసీకి లోపల స్టీల్ లేకపోతే పెద్ద కిటికీలు ఎండకి వంగుతాయి. అల్యూమినియం సన్నగా గట్టిగా ఉంటుంది గానీ ఎండని లోపలికి మోసుకొస్తుంది, పడమటి గోడకున్న అల్యూమినియం ఫ్రేము మీద మధ్యాహ్నం చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. మీకు పడమర కిటికీలుంటే ఖరీదైన అద్దం కన్నా ముందు బయట సన్‌షేడ్ సరిపోతుందో లేదో చూడండి, అద్దం దాటి లోపలికొచ్చిన ఎండని కర్టెన్ ఆపలేదు, బయట వెదురు తడిక కట్టినా దానికంటే నయం.

టైమ్ అయితే సంక్రాంతి తర్వాత నుంచి మార్చి మధ్య వరకూ. వాన ఉండదు, గోడ ఆరుతుంది, కూలీలకి కూడా ఎండ దెబ్బ ఉండదు. అక్టోబర్, నవంబర్‌లో తుపాన్ల టైమ్‌లో ఓపెనింగులు పెట్టుకుని కూర్చోకండి.

బెజవాడ_పాతిల్లు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఈ శనివారం వచ్చి స్క్రూడ్రైవర్‌తో 11 కూడా చూశా. కింద ఆరింటిలో నాలుగు పోయాయి, పైన అయిదూ రాయిలా ఉన్నాయి. ఊచలు అన్నీ ఫ్రేములోనే ఉన్నాయి, అన్న చెప్పినట్టే. నేను 11 మార్చాలని లోన్ కూడా అడిగి పెట్టుకున్నా, ఇప్పుడు నాలుగే.

అమ్మకి చెప్తే ఒక్కటే అడిగింది. ముందు గది కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఆకుకూర ఒలుచుకుంటూ రోడ్డు చూస్తూ కూర్చుంటుంది, పోయిన నాలుగింటిలో అదీ ఒకటి. స్లైడింగ్ అయితే మధ్యలో నిలువు పట్టీ సరిగ్గా కళ్ల ముందుకొస్తుంది, అది వద్దు, కూర్చుంటే వీధి మొత్తం కనపడాలి, గడియ చేతికి అందేలా కిందికి ఉండాలి అంది. కాబట్టి దానికి బయటికి తెరిచే రెండు రెక్కలు. చెదల మందు వాళ్లు వచ్చే వారం వస్తారు. పట్టాభిపురం అన్నా, మీరు సత్యనారాయణపురం దాకా వస్తారా, పైన అయిదింటికీ చిత్రిక, జాలీలు, ముందు గదికి ఫిట్టింగ్ మీరే చేస్తే బాగుంటుంది, రానూ పోనూ నేను చూసుకుంటా.

పట్టాభిపురం_చెక్కపని:
వస్తా బాబూ. కనుమ వెళ్లాక మొదటి ఆదివారం కొలతలకి వస్తా, మీరూ ఆ రోజు ఉండేలా చూసుకోండి. అమ్మగారు కూర్చునే కుర్చీ అక్కడే ఉంచమనండి, ఆవిడ కూర్చున్నాకే గడియ ఎత్తు మార్కు చేస్తా. ఈలోపు పై కిటికీలు ఒక్కోదానికి లోపల నుంచి ఒక ఫోటో, బయట నుంచి ఒక ఫోటో తీసి పెట్టండి, బందుల సైజు చూసుకుని సామాను నేనే తెచ్చుకుంటా.