పట్టణమా, నగరమా? గీత ఎక్కడ?

కిటికీసీటు: ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపుతుంటే 'నగరమా, పట్టణమా' అని అడిగింది. ఏది నొక్కాలో తెలీక ఆగిపోయా. జనం ఎక్కువైతే నగరం, తక్కువైతే పట్టణం, అంతేనా? మీ అనుభవాలు చెప్పండి.

లెక్కలపిచ్చి: ఎవరి లెక్క వాళ్లది. మన జనగణనలో కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవాళ్లలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉంటే, పంచాయతీగా ఉన్న ఊరినైనా పట్టణం కిందే రాసుకుంటారు. లక్షకు చేరితే నగరం. ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2020లో ఒప్పుకున్న పద్ధతిలో 50,000 మందికే నగరం అనేస్తారు, కానీ చదరపు కిలోమీటరుకు కనీసం 1,500 మంది చొప్పున ఒత్తుగా ఉండాలి.

పాతమ్యాపు: బ్రిటన్‌లో ఈ లెక్కలేవీ నడవవు. రాజముద్ర పడితేనే నగరం. వేల్స్‌లోని సెయింట్ డేవిడ్స్‌లో రెండు వేల మంది కూడా లేరు, అయినా నగరమే. లక్షన్నర దాటిన రెడింగ్ మాత్రం ఇంకా పట్టణమే. రాచెస్టర్ సంగతి మరీ విడ్డూరం. 1998లో కౌన్సిళ్లను కలిపేటప్పుడు నగర హోదా నిలుపుకునే ఏర్పాటు చేయడం మరిచిపోయారు. హోదా పోయిందని 2002లో గానీ తెలుసుకోలేదు!

నడకరాయుడు: కాగితం సరే, మనిషికి తేడా ఎక్కడ తెలుస్తుందో చెప్తా. మా నాన్నగారి చెవి మిషన్ పాడైంది. అమ్మిన షాపు పట్టణంలోనే ఉంది, బ్యాటరీలూ దొరుకుతాయి. రిపేరు మాత్రం 'సిటీకి పంపాలండీ' అన్నారు. పదకొండు రోజులు ఆయనతో పలక మీద రాసి మాట్లాడాం. కోపమొస్తే పలక తిప్పి పెట్టేసేవారు.

లెక్కలపిచ్చి: జర్మన్ భూగోళవేత్త వాల్టర్ క్రిస్టాలర్ 1933లో చెప్పింది అదే. ఏ సేవ నిలబడాలన్నా ఇంతమంది గిరాకీ ఉండాలి. బ్యాటరీ అందరూ కొంటారు, రిపేరు ఏడాదికి ఏ నలుగురికో. ఆ నలుగురి కోసం మెకానిక్ కూర్చోడు. చుట్టుపక్కల పట్టణాలన్నీ కలిస్తేనే అతనికి చేతినిండా పని. అందుకే నగరంలో ఉంటాడు.

అర్ధరాత్రిబస్సు: నేను రెండు చోట్లా ఉన్నా. పట్టణంలో ఆఖరి బస్సు తప్పితే టెన్షనే, కానీ ఎవరో ఒకరు గుర్తుపట్టి బండెక్కించుకునేవారు. నగరంలో బస్సు కోసం బెంగ లేదు, ఆరేళ్లున్నా పక్క ఫ్లాట్ ఆయన పేరు తెలీలేదు. తప్పు నాదే, అడగలేదు.

పాతమ్యాపు: కిటికీసీటు గారూ, మీ ఫారం అడిగేది బహుశా మున్సిపాలిటీయా, కార్పొరేషనా అని. రాజ్యాంగ 74వ సవరణ ఈ అంచెలు పెట్టింది గానీ, ఎంత జనాభాకు ఏదన్నది రాష్ట్రాలకే వదిలేసింది. ఇంటిపన్ను రసీదు మీద పేరు చూడండి, తేలిపోతుంది.

కిటికీసీటు: చూశా, మున్సిపాలిటీ! నొక్కుదామని వెళ్తే టైమ్ అయిపోయి పేజీ ఎగిరిపోయింది. మళ్లీ మొదట్నుంచీ నింపుతున్నా.