టీకా రక్షణ తగ్గిందా, వైరస్ వేగం పెరిగిందా?

చదువరి:
కొత్త కరోనా వేరియంట్ వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు జంటగా వినిపిస్తాయి. వ్యాప్తి పెరిగిందన్నది ఒకటి, టీకా పనిచేయడం లేదన్నది రెండోది. టీకా వేసుకున్నవారే జబ్బుపడి ఇంట్లో మిగిలినవారికి అంటించడం చూశాక రెండో మాట నిజమేననిపిస్తోంది. మొదట్లో 95 శాతం రక్షణ అన్నారు కదా, ఆ అంకె ఏమైంది?

సూక్ష్మదర్శి:
ఆ అంకె ఎక్కడికీ పోలేదు, కానీ దానికి మనం ఇచ్చుకున్న అర్థం వేరు. 2020 చివర ఫైజర్ ప్రయోగంలో దాదాపు సమానమైన రెండు వర్గాలను పోల్చినప్పుడు టీకా వర్గంలో 8 మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్న వర్గంలో 162 మందికి లక్షణాలతో కూడిన కోవిడ్ వచ్చింది. ఆ తేడాయే 95 శాతం. అది తొలినాటి వైరస్‌పై, రెండో డోసు తరువాత సుమారు రెండు నెలల పరిశీలనలో తేలిన లెక్క. ఇతరులకు అంటించడాన్ని ఆ ప్రయోగం కొలవలేదు.

ఇక వ్యాప్తి విషయం. ఒక వేరియంట్ రెండు దారుల్లో పైచేయి సాధించవచ్చు: కణాలకు మరింత బాగా అతుక్కుని సహజంగానే వేగంగా పాకడం ఒక దారి, పాత యాంటీబాడీల కన్నుగప్పడం రెండోది. ఆల్ఫా వేరియంట్ ప్రధానంగా మొదటి రకం కాబట్టి టీకాలు దానిపై పెద్దగా దెబ్బతినలేదు. బీటా అందుకు భిన్నం. దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రయోగంలో ఆస్ట్రాజెనెకా టీకా బీటా వల్ల వచ్చే స్వల్ప, మధ్యస్థ జబ్బును ఆపడంలో దాదాపు విఫలమైంది, 2021 ఫిబ్రవరిలో ఆ దేశం దాని పంపిణీని నిలిపివేసింది. అయినా ప్రపంచాన్ని ఏలింది బీటా కాదు, డెల్టా. అప్పటికి చాలామందికి ఇంకా రోగనిరోధక శక్తే లేదు కనుక, తప్పించుకునే నేర్పుకన్నా వేగానికే విలువ ఎక్కువ. 2021 చివరికి చాలామందికి రోగనిరోధక శక్తి వచ్చి పరిస్థితి తిరగబడింది. వైరస్ పైన ముల్లులా ఉండే స్పైక్ ప్రోటీన్‌లోనే 30కి పైగా మార్పులతో వచ్చిన ఒమిక్రాన్‌కు తప్పించుకునే నేర్పే కలిసివచ్చింది. డెన్మార్క్‌లో కుటుంబాలను పరిశీలించినప్పుడు, టీకా వేసుకోనివారికి డెల్టా, ఒమిక్రాన్ దాదాపు ఒకేలా సోకాయి. టీకా వేసుకున్నవారి దగ్గరకు వచ్చేసరికే ఒమిక్రాన్ ఎంతో ముందుంది. అంటే మనం వేగమని అనుకున్నదానిలో చాలా భాగం తప్పించుకోవడమే.

నిర్మొహమాటి:
సూక్ష్మదర్శి గారూ, మీ వివరణే నా వాదనకు బలం. టీకా వేసుకున్నవారి మధ్యనే బాగా పాకిందంటే టీకా ఓడిపోయినట్టే కదా? 2021 జూలైలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఒకేచోట బయటపడిన 469 కేసుల్లో 74 శాతం మంది పూర్తిగా టీకా వేసుకున్నవారే.

సూక్ష్మదర్శి:
ఆ శాతం ఒక్కటే చూస్తే మోసపోతాం. ఊహకు ఒక లెక్క వేద్దాం. వెయ్యి మందిలో 900 మంది టీకా వేసుకున్నారు. వేసుకోని 100 మందిలో 40 మందికి, వేసుకున్నవారిలో 90 మందికి జబ్బు వచ్చింది. రోగుల్లో 69 శాతం టీకా వేసుకున్నవారే, కానీ వారి ముప్పు మిగతావారిలో నాలుగో వంతు మాత్రమే. ఆ మసాచుసెట్స్ ఘటనలో ఆసుపత్రిలో చేరినవారు ఐదుగురు, మరణాలు లేవు.

టీకా వేసుకున్నా వైరస్ సోకడానికి, అయినా జబ్బు ముదరకపోవడానికి కారణం శరీరంలోనే ఉంది. కండరంలోకి ఇచ్చిన టీకా రక్తంలో యాంటీబాడీలను బాగా పెంచుతుంది గానీ ముక్కు, గొంతు పొరల్లో కాపలా పలచగానే ఉంటుంది, అదీ కొన్ని నెలల్లో తగ్గుతుంది. వైరస్ మొదట దిగేది అక్కడే. రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు మాత్రం స్పైక్‌లోని అనేక ముక్కలను గుర్తుపడతాయి. వాటిలో ఎక్కువ భాగం ఒమిక్రాన్‌లోనూ మారలేదు. ఈ కణాలు సోకడాన్ని ఆపలేకపోయినా సోకిన కణాలను తుడిచిపెట్టగలవు. దక్షిణాఫ్రికాలో ఒమిక్రాన్ తొలి వారాల్లో ఫైజర్ రెండు డోసుల రక్షణ సోకడంపై 33 శాతానికి పడిపోగా, ఆసుపత్రిలో చేరకుండా కాపాడటంలో 70 శాతం నిలిచింది.

నిర్మొహమాటి:
ముప్పు లెక్కలో నా పొరపాటును ఒప్పుకుంటున్నాను. కానీ టీకా వేసుకుంటే ఇతరులకు అంటదని అంత ధీమాగా చెప్పినవారి తప్పు మాత్రం తప్పే, దాని వల్ల పోయిన నమ్మకాన్ని ఏ టి-కణమూ తిరిగి తేలేదు.

సూక్ష్మదర్శి:
అందులో మీతో ఏకీభవిస్తాను.

చదువరి:
అయితే ప్రతి వేరియంట్‌కూ కొత్త బూస్టర్ అందరికీ అవసరమా?

సూక్ష్మదర్శి:
వేరియంట్‌కు సరిపోయేలా మార్చిన టీకా యాంటీబాడీలను పెంచి కొన్ని నెలలపాటు సోకే ముప్పును తగ్గిస్తుంది. వృద్ధులకు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారికి ఆ కొన్ని నెలలే ప్రాణాధారం కావచ్చు. ఇదివరకే టీకా, జబ్బు రెండూ చూసిన ఆరోగ్యవంతులైన యువతకు అదనపు లాభం చిన్నది. 2023 శరదృతువులో బ్రిటన్ బూస్టర్‌ను ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారికి, ముప్పు ఎక్కువ ఉన్నవారికి పరిమితం చేస్తే, అమెరికా ఆరు నెలలు నిండిన అందరికీ సిఫారసు చేసింది. ఇద్దరి ముందూ ఉన్నది అదే వైరస్. ఎంత చిన్న లాభానికి ఎంత ఖర్చు పెట్టవచ్చన్న చోటే వారు విడిపోయారు. నేనైతే బ్రిటన్ వైపే మొగ్గుతాను.

నిర్మొహమాటి:
ఆసుపత్రిలో చేరే ముప్పు వయసును బట్టి అంతగా మారుతున్నప్పుడు నేనూ అటే. ఇంట్లో ముసలివారు ఉన్న యువతను మాత్రం ఆ లెక్కలో ఎక్కడ పెడతారో చెప్పండి.